రెండోది పెట్టవే

బాబాయి పోయి ఏడాది దాటింది. "ఆయన గది సర్దాలి. ఏది ఉంచాలో ఏది పారేయాలో నాకు తెలియదు, నువ్వొకసారి రా అమ్మా" అని పిన్ని ఫోన్ చేస్తే వెళ్ళాను. తలుపు తీయగానే కరిగిన సోల్డరింగ్ లెడ్డు వాసన, దాని వెనకే స్పిరిట్ వాసన. ఆ గదిలో సోల్డరింగ్ ఐరన్ వేడెక్కి ఏడాది పైనే అయింది. అయినా ఆ వాసన బల్ల చెక్కలోకి ఇంకిపోయినట్టుంది. గుమ్మంలోనే కాసేపు నిలబడిపోయాను.

టీవీలు, టేప్ రికార్డర్లు, సినిమా సీడీలు వేసే వీసీడీ ప్లేయర్లు, తెలిసినవాళ్ళ ఇళ్ళలో పాడైనవన్నీ ఆ బల్ల మీదికే వచ్చేవి. నా చిన్నతనంలో సగం సాయంత్రాలు ఆ బల్ల పక్కన స్టూలు మీదే గడిచాయి. ఇప్పుడు బల్ల కింద అట్టపెట్టెలో డిస్కులు పెట్టుకునే జిప్పు పౌచ్ ఒకటి దొరికింది. లోపలి ప్లాస్టిక్ కవర్లు ఒకదానికొకటి అంటుకుపోయి, తిప్పుతుంటే చర్రుమని విడిపోయాయి. పాటల డిస్కులు, జత తప్పిన సినిమా డిస్కులు, పేరు చెరిగిపోయినవి కొన్ని. ఆఖరి పేజీలో రెండున్నాయి. ఒకదాని మీద మార్కర్‌తో బాబాయి చేతిరాత: "అమ్మ – 1". రెండోదాని మీద రాత లేదు. అదేమిటో చదవకుండానే నాకు తెలుసు.

అమ్మ అంటే ఆయన అమ్మ. మా నానమ్మ.

*

మా ఇంట్లోకి వీసీడీ ప్లేయర్ తెచ్చింది బాబాయే. ఎవరో బాగుచేయమని ఇచ్చి, మళ్ళీ వద్దనేసి వెళ్ళిపోయిన ప్లేయర్ అది. పై మూతకి ఒక మూల స్క్రూ ఉండేది కాదు. బటన్ నొక్కితే ట్రే బయటికొచ్చి ఒక ఊగు ఊగి ఆగేది. డిస్కు పెట్టి లోపలికి పంపగానే టిక్కు టిక్కుమని రెండు చిన్న చప్పుళ్ళు. లెన్సు పైకీ కిందికీ కదిలి డిస్కు ఎంత దూరంలో ఉందో చూసుకోవడం అది. ఆ తర్వాత మోటారు వేగం అందుకునే సన్నని ఈల. ముందు పలక మీద అంకెలు వెలిగేదాకా ఇంట్లో ఎవరమూ మాట్లాడేవాళ్ళం కాదు. అంకెలు వచ్చాయా, సినిమా మొదలు. "నో డిస్క్" అని వచ్చిందా, బయటికి తీసి, తుడిచి, మళ్ళీ పెట్టడం.

ఆ ఈల సినిమా పొడుగునా ఒకేలా ఉండేది కాదు. మొదట్లో సన్నగా ఉండి, పోను పోను మెత్తబడేది. నా భ్రమ అనుకుని చాలా రోజులు ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు బాబాయితో అంటే ఆయన ముఖం వెలిగిపోయింది. "నీకు వినపడిందా!" అన్నాడు. గ్రామఫోన్ రికార్డు బయటి అంచు నుంచి లోపలికి మోగితే, సీడీని మధ్యలోంచి మొదలుపెట్టి అంచుకి చదువుతారట. లోపలి చుట్టు చిన్నది, బయటి చుట్టు పెద్దది. లెన్సు ముందు డిస్కు మీద రాసిన అక్షరాలు ఒకే వేగంతో సాగాలంటే డిస్కు మొదట్లో గబగబా తిరగాలి, చివర్లో నెమ్మదించాలి. లోపల నిమిషానికి 500 చుట్లు, అంచుకి చేరేసరికి 200. అప్పటినుంచి గడియారం చూడకుండా, చెవి పెట్టి డిస్కు ఎంతవరకు వచ్చిందో చెప్పడం నాకొక ఆట అయింది.

ఒక డిస్కులో పట్టేది 74 నిమిషాలు. సినిమాకి రెండు డిస్కులు, పొడుగు సినిమా అయితే మూడు. కథ ఎక్కడ ఆగాలో డిస్కుకి పట్టదు. ఎవరో తలుపు తట్టేవారు, హీరోయిన్ వెళ్ళి గడియ మీద చెయ్యి వేసేది, తెర నీలంగా మారిపోయేది. అంతే, నానమ్మ గొంతు వినిపించేది: "రెండోది పెట్టవే."

ఆ పని నాది. నేను లేచి ట్రే తెరిచి, మొదటిది చూపుడువేలికి ఉంగరంలా తొడుక్కుని, రెండోది పెట్టేదాన్ని. ఆ నిమిషంలో నాన్న మంచినీళ్ళకి లేచేవాడు. అమ్మ కాళ్ళు చాపుకునేది. తలుపు తట్టింది ఎవరై ఉంటారా అని అందరం తలో మాటా అనేవాళ్ళం. నాకు ఇప్పటికీ ఆ సినిమాల కథలకంటే, మధ్యలో మేము మాట్లాడుకున్నవే ఎక్కువ గుర్తున్నాయి.

అద్దెకి తెచ్చినప్పుడు ఒక్కోసారి కవర్లో రెండో డిస్కు వేరే సినిమాది ఉండేది. మొదటి సగం చూసి కూర్చున్నాక తెలిసేది. నేను ఏడుపు ముఖం పెడితే నానమ్మ దగ్గరికి లాక్కుని, "సరే, తర్వాతేమైందంటే..." అని మొదలుపెట్టేది. ఆవిడ కథలో విలన్లు కూడా చివరికి బుద్ధి తెచ్చుకుని భోజనానికి కూర్చునేవారు. అలా నానమ్మ పూర్తి చేసిన సినిమాలు నాలుగైదు ఉంటాయి. వాటి అసలు ముగింపులు నేను తర్వాత కూడా వెతకలేదు.

*

"ఎందుకు బాబాయ్ 74 నిమిషాలే? సినిమా మొత్తం ఒకదాంట్లో పెట్టొచ్చు కదా?" అని అడిగాను ఒకసారి. ఆయన చేతిలో పని పక్కన పెట్టి, నా లెక్కల నోటు తీసుకున్నాడు. ఏది అడిగినా అలాగే చేసేవాడు.

పాటల సీడీ ఏ వేగంతో చదవబడుతుందో వీసీడీ కూడా అదే వేగంతో చదవబడుతుంది. పాటల సీడీలో సెకనుకి 1,411 కిలోబిట్ల సమాచారం పోతుంది, అదంతా ధ్వనికే. వీసీడీలో దాదాపు అంతే జాగాలో బొమ్మనీ మాటనీ రెంటినీ సర్దాలి. బొమ్మకి 1,150 కిలోబిట్లు, మాటకి 224. ఫిలిప్స్, సోనీ, మత్సుషిత, జేవీసీ కలిసి 1993లో 'వైట్ బుక్' పేరుతో ఖాయం చేసిన లెక్క అది. ఆ లెక్క వల్లే ప్లేయర్ చవగ్గా తయారైంది. పాటల సీడీ ప్లేయర్లో ఉన్న మోటారు, లెన్సు సరిపోతాయి. బొమ్మని విప్పి టీవీకి పంపే చిప్పు ఒకటి అదనంగా ఉంటే చాలు. "మెరుగైన మోటారూ ఎక్కువ జాగా కావాలని పట్టుబట్టి ఉంటే, మన ఇంటిదాకా వచ్చేదే కాదు తల్లీ" అన్నాడు.

ఆ ఇరుకు జాగాలో బొమ్మ పట్టాలంటే దాన్ని ముందే తగ్గించుకోవాలి. అడ్డంగా 352 చుక్కలు, నిలువుగా 288. తర్వాత వచ్చిన డీవీడీలో 720, 576. అంటే డీవీడీ బొమ్మలో నాలుగో వంతు కూడా లేదు. దాన్నే టీవీ నిండా సాగదీసి చూసేవాళ్ళం. దూరంగా నిలబడ్డ మనిషి ముఖంలో కళ్ళూ ముక్కూ కలిసిపోయేవి. టైటిల్స్‌లో చిన్న అక్షరాలు చదవలేకపోయేవాళ్ళం.

అదొక్కటే కాదు. బాబాయి నోటులో గళ్ళు గీసి చూపించాడు. బొమ్మని 16 చుక్కల వెడల్పు, 16 చుక్కల ఎత్తు ఉన్న గళ్ళుగా కోస్తారు. ఒక బొమ్మ పూర్తిగా రాసి, ఆ తర్వాత వచ్చే బొమ్మల్లో మారినది మాత్రమే రాసుకుంటూ పోతారు. సుమారు అరసెకనుకి ఒకసారి మళ్ళీ పూర్తి బొమ్మ. మనిషి కదలకుండా కూర్చుని మాట్లాడితే రాయాల్సింది తక్కువ, బొమ్మ తేటగా ఉంటుంది. అదే వాన కురిసినా, జనం పరిగెత్తినా, నీళ్ళు మెరిసినా ప్రతి గడీ మారుతుంది. రాయడానికి జాగా చాలదు. అప్పుడు గళ్ళు గళ్ళుగా బయటపడుతుంది. ఫైట్లు, డాన్సులు మా టీవీలో ముక్కలు కుట్టిన బొంతలా కనిపించేవి. చీకటి సీన్లలో నలుపు మెట్లు మెట్లుగా తేలేది.

అయినా నేను వీసీడీ పక్షమే. క్యాసెట్ కాలం కొంత చూసినదాన్ని కాబట్టి ఈ మాట ధైర్యంగా అంటాను. క్యాసెట్‌ని చివరిదాకా చూశాక వెనక్కి తిప్పాలి, నచ్చిన పాట కోసం ముందుకీ వెనక్కీ వెతకాలి, చూసినకొద్దీ టేపు అరుగుతుంది, తేమకి బూజు పడుతుంది. పాజ్ చేస్తే బొమ్మ మీద తెల్లని గీతలు వణుకుతాయి. వీసీడీలో పాట నంబరు నొక్కితే పాట వచ్చేది. నేను ఒకే పాట వందసార్లు వేసుకున్నా మొదటిసారి ఎలా ఉందో వందోసారీ అలాగే ఉంది, లెన్సు దాన్ని తాకదు కాబట్టి. పాజ్ చేస్తే బొమ్మ కదలకుండా నిలబడేది. కరోకే డిస్కుల్లో ఒక పక్క స్పీకర్‌కి గొంతు, రెండో పక్కకి వాద్యాలు మాత్రమే ఉండేవి. రిమోట్‌లో ఎల్/ఆర్ బటన్ నొక్కితే గాయకుడు మాయమై పాట మా చేతికొచ్చేది. నాన్న ఎంత బాగా పాడతాడో ఆ బటన్ వల్లే మాకు తెలిసింది.

ఇంకొకటి, బాబాయి ఎక్కువగా మెచ్చుకున్నది. దానికి తాళం లేదు. డీవీడీలకి ఉన్నట్టు ఈ దేశం డిస్కు ఆ దేశంలో ఆడదనే ప్రాంతాల కోడ్ లేదు, కాపీ కాకుండా అడ్డుపడే రహస్య లిపి లేదు. ఎక్కడ కొన్న ప్లేయరైనా, కంప్యూటరైనా తెరుస్తుంది. దొంగ కాపీలు అంత తేలిగ్గా పెరగడానికీ అదే కారణం, అది కాదనను. కానీ ఇంట్లో తీసుకున్న వీడియోని ఇంట్లోవాళ్ళే డిస్కు చేసి దాచుకోగలిగిందీ అందుకే.

కరెంటు పోతే మాత్రం నరకం. మళ్ళీ వచ్చాక ప్లేయర్‌కి ఏమీ గుర్తుండదు. మొదటినుంచి పెట్టి, ఫార్వర్డ్ నొక్కి పట్టుకుని, వెళ్ళిన చోటికి మళ్ళీ వెళ్ళాలి.

*

డిస్కు తుడవడం నాకు నేర్పింది బాబాయే. గుండ్రంగా తుడిస్తే చెయ్యి మీద కొట్టేవాడు. మధ్యలోంచి అంచుకి, సూటిగా తుడవాలి. అడ్డంగా పడ్డ గీతని ప్లేయర్ ఒక్కో చుట్టులో కొంచెం కొంచెంగా దాటుకుంటుంది, పోయిన కాస్తని లెక్క కట్టి పూరించుకుంటుంది. చుట్టు వెంబడి పడ్డ గీత అయితే పొడుగునా అక్షరాలు పోతాయి, పూరించడానికి ఏమీ మిగలదు.

"కింది వైపు కాదమ్మా, పై వైపు జాగ్రత్త" అనేవాడు ఎప్పుడూ. అందరూ మెరిసే వైపునే అపురూపంగా చూస్తారు, పేరు రాసిన వైపుని బల్ల మీద ఈడుస్తారు. నిజానికి మెరిసే వైపు 1.2 మిల్లీమీటర్ల దళసరి ప్లాస్టిక్ కాపలా ఉంటుంది. వెండిలా కనిపించే పొర పై వైపున, ఆ పేరుకి సరిగ్గా కిందే ఉంటుంది. దాని మీద సన్నని వార్నిష్ పూత తప్ప ఇంకేమీ లేదు. బాల్‌పెన్ గట్టిగా నొక్కి రాసినా దెబ్బే. పాత డిస్కు తెచ్చి ట్యూబ్‌లైట్ ముందు పట్టుకుని చూసేవాడు. పొర లేచిన చోటల్లా వెలుతురు సూది మొనంత చుక్కగా బయటికొచ్చేది. "చూడు, చుక్కలు పొడిచాయి" అనేవాడు. నాకు అది అందంగా కనిపించేది. ఆయనకి కాదు.

ప్లేయర్ మరీ మొండికేస్తే లెన్సు పక్కన ఉండే చిన్న స్క్రూలాంటి దాన్ని వెంట్రుకవాసి తిప్పేవాడు. లేజర్ కాస్త పెరిగేది, డిస్కు పలికేది. కానీ అలా పెంచితే లేజర్ ఆయుష్షు తగ్గుతుంది. అందుకే తిప్పేముందు ఆ ప్లేయర్ తెచ్చినవాళ్ళకి ఆ మాట చెప్పి, వాళ్ళు సరే అంటేనే తిప్పేవాడు.

డిస్కు మీద సినిమా అనేది వీసీడీతో మొదలు కాలేదు. 1978లోనే అమెరికాలో లేజర్ డిస్క్ వచ్చింది. భోజనం పళ్ళెమంత, 30 సెంటీమీటర్లు. బొమ్మ వీసీడీ కంటే ఎంతో నయం, ఈ గళ్ళ గోల లేదు. కానీ ఒక్కో వైపు గంటకు మించి పట్టదు, బరువు, ఖరీదు. బాబాయి తన పని నేర్చుకునే రోజుల్లో ఒక్కసారి చూశాడట. రెండు చేతులతో ఎత్తిపట్టుకున్నట్టు గాల్లో చూపించేవాడు.

*

నానమ్మని వీడియో తీయాలని ఆయనకెందుకు తోచిందో తెలియదు. ఒక ఆదివారం స్నేహితుడి దగ్గర క్యామ్‌కార్డర్ అడిగి తెచ్చాడు. నానమ్మని వరండాలో కుర్చీలో కూర్చోబెట్టి, "అమ్మా, నీ చిన్నప్పటి సంగతులు చెప్పు" అన్నాడు. మొదట సిగ్గుపడి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత కెమెరా ఉందన్న సంగతే మర్చిపోయింది. టేపు 90 నిమిషాలు, పూర్తిగా అయిపోయింది.

దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి, వీసీడీ రూపానికి మార్చడానికి రాత్రంతా పట్టింది. పొద్దున నేను లేచేసరికి ఆయన ఇంకా స్క్రీన్ ముందే ఉన్నాడు. రెండు డిస్కులు రాశాడు. రాసిన డిస్కు వెనక వైపు చూస్తే ఎంతవరకు నిండిందో రంగు తేడాలో కనిపిస్తుంది. మొదటిది అంచుదాకా నిండింది. రెండోదానిలో మధ్యన సన్నని వలయం. క్యామ్‌కార్డర్ టేపుతో సహా తిరిగి ఇచ్చేశాడు. హార్డ్ డిస్కు చిన్నది, ఇంకో పనికి జాగా కావాలని ఫైళ్ళు తీసేశాడు. డిస్కులున్నాయి కదా అని.

ఆ రోజుల్లో డిస్కులకి అంటించే గుండ్రని కాగితం స్టిక్కర్లు కొత్తగా వచ్చాయి. రెండో డిస్కుకి నేను ఒకటి తయారుచేశాను. స్కెచ్ పెన్నులతో "నానమ్మ" అని రాసి, చుట్టూ పువ్వులు వేసి అంటించాను. కాస్త వంకరగా పడింది. సరిచేద్దామని అంచు పట్టుకుని లాగాను.

స్టిక్కర్‌తో పాటే వెండి పొర కూడా లేచి వచ్చేసింది. మధ్య వలయం చుట్టూ సగం డిస్కు అద్దంలా తేటగా మిగిలింది. దాని గుండా నా చెయ్యి నాకు కనిపించింది.

బాబాయికి ఇచ్చాను. చాలాసేపు చూశాడు. కాగితం వెనక అంటుకున్న పొరని కూడా చూశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. "మళ్ళీ తీద్దాంలే తల్లీ, అమ్మ ఎక్కడికి పోతుంది" అన్నాడు. క్యామ్‌కార్డర్ మళ్ళీ దొరకలేదు, ఆదివారాలు గడిచిపోయాయి, నానమ్మ వెళ్ళిపోయింది. తర్వాత ఎప్పుడూ మేమిద్దరం ఆ సంగతి ఎత్తలేదు. ఆ డిస్కుని ఆయన పారేయలేదని మాత్రం ఈ పౌచ్ తెరిచాకే తెలిసింది.

*

"అమ్మ – 1"ని ఇంటికి తెచ్చాను. కంప్యూటర్లకి ఇప్పుడు డిస్కు పెట్టే జాగానే లేదు. బయట తగిలించే డ్రైవ్ ఒకటి సంపాదించి పెట్టాను. ఎంపెగ్‌ఏవీ ఫోల్డరు, అందులో ఏవీసెక్01.డాట్ అనే వీడియో ఫైలు. పేరు చూడగానే ప్రాణం లేచి వచ్చింది. కాపీ పెడితే సగంలో ఆగిపోయి ఎర్రర్ చూపించింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ అక్కడే.

బాబాయి నోటులో ఇదీ ఉంది. కంప్యూటర్ ఫైళ్ళు దాచే సీడీలో ప్రతి ముక్కకీ తప్పు దిద్దుకోవడానికి అదనంగా కొంత జాగా కేటాయిస్తారు. వీసీడీలో ఆ అదనపు కాపలాని వదిలేసి, ఆ జాగాలోనూ బొమ్మే నింపారు. ముక్కకి 2,048 బైట్ల బదులు 2,324. అందుకే 650 ఎంబీ డిస్కులో 740 ఎంబీ దాకా వీడియో పట్టేది. ఒక చుక్క చెడితే బొమ్మలో ఒక గడి చెదురుతుంది, చూసేవాడు సర్దుకుంటాడులే అని. కంప్యూటర్ సర్దుకోదు. ఒక్క ముక్క తప్పు వచ్చినా కాపీ ఆపేస్తుంది. ప్లేయర్ మాత్రం దాటుకుని ముందుకి పోతుంది.

మర్నాడు మళ్ళీ బాబాయి గదికి వెళ్ళి మా పాత ప్లేయరే తెచ్చుకున్నాను. ఇప్పటికీ ఆ మూల స్క్రూ లేదు. ట్రే రానంది, లోపలి రబ్బరు బెల్టు సాగిపోయింది. ఆయన డబ్బాల్లో వెతికితే సైజుల వారీగా బెల్టులు కవర్లలో కట్టి ఉన్నాయి. ఒకటి వేశాను. లెన్సుని దూదితో తుడిచాను. పసుపు, ఎరుపు, తెలుపు వైర్లు టీవీకీ, రికార్డు చేసే పెట్టెకీ కలిపాను. అమ్మ, నాన్న, పిన్ని వచ్చి కూర్చున్నారు.

టిక్కు, టిక్కు. ఈల. అంకెలు.

నానమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. ఇంత పెద్ద టీవీలో ఆ 352 చుక్కలు ఎలా ఉంటాయోనని భయపడ్డాను. చెయ్యి ఊపినప్పుడల్లా చెయ్యి గళ్ళుగా విరిగిపోతోంది. వెనక చెట్టు ఆకులు ముద్దలా ఉన్నాయి. కానీ మాట కోసం ఆగి, ఎటో చూస్తూ గుర్తు తెచ్చుకుంటున్నప్పుడు, ఆ ఒకటి రెండు సెకన్లు, కదలిక లేక బొమ్మ కుదురుకుని ముఖం తేటపడుతోంది. కనుబొమల మధ్య ముడత కూడా కనిపించింది. మధ్యలో ఒకచోట ముఖమంతా చెదిరిపోయి పిన్ని "అయ్యో" అంది. అరసెకనులో మళ్ళీ కూడుకుంది. కెమెరా వెనక నుంచి బాబాయి "ఊఁ" కొడుతున్నాడు. ఆ గొంతు ఇందులో ఉంటుందని ఎవరమూ అనుకోలేదు. పిన్ని టీవీ దగ్గరికి జరిగి కూర్చుంది.

చివర్లో నానమ్మ వానలో తప్పిపోయిన దూడ కథ అందుకుంది. చిన్నపిల్లగా ఉన్నప్పుడు చీకట్లో ఒక్కత్తే వెతుక్కుంటూ వెళ్ళిందట. ప్లేయర్ ఈల మెత్తబడింది, అంచుకి వచ్చేసిందని నాకు తెలుస్తోంది. "దూరంగా గంట చప్పుడు వినపడింది. పరిగెత్తుకుంటూ వెళ్ళి ఆ చెట్టు కింద చూద్దును గదా..."

తెర నీలంగా మారింది.

"రెండోది పెట్టవే" అంది అమ్మ, అలవాటుగా. అని, నా వైపు చూసి ఆగిపోయింది.

కాసేపటికి నాన్న గొంతు సవరించుకున్నాడు. "చెట్టు కింద దూడ లేదు. మెడలోంచి ఊడిపడ్డ గంట ఉంది. దాన్ని పట్టుకుని మోగిస్తూ నడిస్తే, ఆ చప్పుడికి దూడే వెనక వచ్చింది."

"కాదండీ. అత్తయ్య నాతో అలా చెప్పలేదు" అంది అమ్మ. "దూడ చెట్టు కిందే ఉంది. కాలు ఇరుక్కుంది. ఆవిడ తెల్లవార్లూ దాని పక్కనే కూర్చుంది."

"మా అమ్మ కథ నాకు చెప్తావా?"

"మరి ఆయన నాతో ఇంకోలా చెప్పారు" అంది పిన్ని, టీవీ ముందు నుంచి ఇటు తిరుగుతూ.